బోరుకొచ్చిన ఇంజిన్‌కి రింగులొక్కటే మారిస్తే సరిపోతుందా?

ప్రశ్న: మేం ఒహాయోలో ఉంటాం. పక్కింటి పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ తన పాత గార్డెన్ ట్రాక్టర్ మాకిచ్చేశారు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ల కబ్ క్యాడెట్ 124, ఇంజిన్ కోలర్ కె301. నీలం పొగ బాగా వచ్చేది. కంప్రెషన్ గేజ్ పెడితే ముల్లు చాలా కిందే ఆగిపోయింది, అందుకని ఇంజిన్ దింపి కొత్త రింగులు వేసి బిగించాను. పొగ పోలేదు సరికదా ఇప్పుడు కింద నుంచి టకటకమని చప్పుడు కూడా మొదలైంది. ఇండియా నుంచి వచ్చిన మా నాన్నగారు "ఇంజిన్ బోరుకొచ్చిందిరా" అంటున్నారు, అంటే సిలిండర్ లోపల అరిగిపోయిందని. మళ్లీ విప్పాలా?

జవాబు: విప్పాలండీ. ఆ చప్పుడుతో ఇంకొక్క నిమిషం కూడా నడపకండి. ఈ ఇంజిన్‌లో పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ అల్యూమినియంది, మధ్యలో బేరింగ్ షెల్స్ ఏమీ ఉండవు, రాడ్ నేరుగా క్రాంక్ మీదే తిరుగుతుంది. అది విరిగిందంటే బ్లాక్‌ని పొడుచుకుని బయటికొస్తుంది, ఆ తర్వాత బాగుచేయడానికి మిగిలేది తక్కువ.

మీ నాన్నగారి మాట నిజమే కావచ్చు, కానీ కొలిస్తే గానీ తేలదు. మీ గేజ్ మాటని మాత్రం నమ్మకండి. ఈ ఇంజిన్ క్యామ్ షాఫ్ట్ మీద కంప్రెషన్ రిలీజ్ అనే ఏర్పాటు ఉంటుంది. స్టార్టర్ నెమ్మదిగా తిప్పుతున్నంతసేపూ అది ఎగ్జాస్ట్ వాల్వును కాస్త ఎత్తి పట్టుకుంటుంది, అందుకే మంచి ఇంజిన్‌లో కూడా గేజ్ తక్కువే చూపిస్తుంది. చాలామంది సరిగ్గా ఇక్కడే పొరపాటుపడి అవసరం లేకపోయినా ఇంజిన్ దింపేస్తారు. సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత లీకవుతోందో, ఎటు నుంచి లీకవుతోందో చూసే లీక్‌డౌన్ టెస్ట్ దీనికి సరైన పరీక్ష. పొగకి కారణం ఒక్కోసారి రింగులు కూడా కాదు. క్రాంక్‌కేస్ లోపలి గాలిని బయటికి వదిలే బ్రీదర్‌లోని పల్చటి రేకు (రీడ్) పాడైతే క్రాంక్‌కేస్‌లో ప్రెషర్ పెరిగి ఆయిల్ పైకి ఎగదన్నుతుంది. బ్రీదర్ విప్పి చూడటం పది నిమిషాల పని, ముందు ఆ పని చేయండి.

ఇప్పుడు బోరు సంగతి. కొత్తగా ఉన్నప్పుడు బోరు 3.375 అంగుళాలు, అంటే పిస్టన్ మన బుల్లెట్ 500 పిస్టన్ కన్నా కాస్త వెడల్పే. సిలిండర్ పైభాగంలో, మధ్యలో, కింద, ప్రతిచోటా ఒకదానికొకటి అడ్డంగా రెండు దిశల్లో కొలవండి. బోర్ గేజ్ లేకపోతే ఒక రింగుని బోరులోకి దింపి, పిస్టన్‌తో నెట్టి సమంగా కూర్చోబెట్టి, రింగు చివరల మధ్య సందులో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి చూడండి. పాత బోరులో ఆ సందు 30 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) దాటిందంటే కొత్త రింగులు వేసినా దండగే, రీబోర్ చేయించాల్సిందే, అంటే బోరుని కాస్త పెద్దది చేయించి పెద్ద పిస్టన్ వేయాలి. 10, 20, 30 థౌ ఓవర్‌సైజ్ పిస్టన్లు ఉన్నాయి. పిస్టన్ ముందు కొని, చేతిలో పట్టుకుని వెళ్లి, దానికి తగ్గట్టు బోర్ చేయమనండి. తిరగేసి చేసినవాళ్లు ఇబ్బంది పడటం నేను చూశాను.

చప్పుడు గురించి నా అనుమానం రాడ్ మీదే. రాడ్ తిరిగే క్రాంక్ పిన్ మీద గోరుతో గీసి చూడండి, గోరు పట్టుకుంటే గీతలు పడ్డట్టే. పిన్‌కి తెల్లగా అల్యూమినియం అంటుకుని కనిపించినా అంతే. కొత్తలో పిన్ 1.5 అంగుళాలు ఉంటుంది, ఒక్కచోట కాకుండా చుట్టూ కొలిచి గుండ్రంగా ఉందో లేదో చూసుకోండి. కోలగా అరిగితే క్రాంక్ గ్రైండ్ చేయించి 10 థౌ అండర్‌సైజ్ రాడ్ వేయాలి. ఇంకొక మాట, మొదటిసారి బిగించినప్పుడు రాడ్ మీద గుర్తు, రాడ్‌కి కింద బోల్టులతో బిగించే క్యాప్ మీద గుర్తు ఒకే వైపున కలిశాయా? గుర్తుకు రాకపోతే ఈసారి ఫోన్‌తో ఫొటోలు తీసుకుంటూ విప్పండి. క్యాప్ తిరగబడితే కొత్త రాడ్ అయినా నిలవదు. టార్క్ రెంచ్ లేకుండా రాడ్ బోల్టులు ముట్టుకోవద్దు.

బిగించేటప్పుడు క్రాంక్ గేరు, క్యామ్ గేరు గుర్తులు ఎదురెదురుగా రావాలి. రింగుల సందులు ఒకే వరుసలోకి రాకుండా చూడండి. ఇగ్నిషన్ పాయింట్ల గ్యాప్ 20 థౌ దగ్గర మొదలుపెట్టి, ఫ్లైవీల్ మీది ఎస్ గుర్తు దగ్గర పాయింట్లు తెరుచుకోవడం మొదలయ్యేలా సర్దండి. ఈ ఇంజిన్‌లో ఆయిల్ పంపు లేదు, రాడ్ కింద ఉన్న చిన్న తెడ్డు ఆయిల్‌ని చిమ్మితేనే అన్నిటికీ అందుతుంది. అందుకని స్టార్ట్ చేసే ముందు ప్రతిసారీ డిప్‌స్టిక్ తీసి చూడండి, మీ ఇంటి దగ్గర ఏటవాలు నేల ఉంటే మరీనూ.

ప్రశ్న: మాది తూర్పు గోదావరి. పోయిన సీజన్ నుంచి షెడ్డులో పెట్టిన పెట్రోలు వీడర్ ఇప్పుడు చోక్ వేసి ఉంచితేనే నడుస్తోంది. చోక్ తీస్తే ఆగిపోతోంది. ఇంజిన్ పోయినట్టేనా?

జవాబు: పోలేదండీ, టెన్షన్ పడకండి. కార్బొరేటర్ జెట్లలో జిగట పట్టి పెట్రోలు సరిగా అందడం లేదు. పాత పెట్రోలు ట్యాంకు నుంచి మొత్తం దించేసి, కార్బొరేటర్ బౌల్ విప్పి, జెట్లు తీసి క్లీనర్ కొట్టి గాలితో ఊదండి. వైరు గుచ్చితే రంధ్రం పెద్దదైపోతుంది, ఆ పని మాత్రం చేయకండి. ఇప్పుడు దొరికే ఇథనాల్ కలిసిన పెట్రోలు నిల్వ ఉంటే తేమ పీల్చుకుంటుంది. ఈసారి సీజన్ అయ్యాక పెట్రోలు ట్యాపు కట్టేసి, ఇంజిన్ దానంతట అదే ఆగేదాకా నడిపి, అప్పుడు షెడ్డులో పెట్టండి.