సేవ్ చేయబడిందా, సేవ్ అయిందా?

సందేహం: మాది అమలాపురం. ఇంటి దగ్గర్నుంచే ఉద్యోగం చేసుకుంటూ, కోడ్ రాసుకునే నియోవిమ్ ఎడిటర్‌కి ఒక చిన్న స్టేటస్ లైన్ (తెర అడుగున ఉన్న పరిస్థితి చూపించే వరస) ప్లగిన్ రాసి నడుపుతున్నాను. కొందరు అడిగారని తెలుగు పెట్టాను: ‘చొప్పించు’ (ఇన్సర్ట్), ‘దృశ్య’ (విజువల్) అని మోడ్ పేర్లు, అంటే ఎడిటర్ ఇప్పుడు ఏ పనిలో ఉందో చెప్పేవి, ‘ఫైల్ భద్రపరచబడింది’, ‘1 తప్పులు’, ‘ఇల్లు లో 3 మార్పులు’ అని మెసేజీలు (ఇల్లు అన్నది బ్రాంచి పేరు, బ్రాంచి అంటే కోడ్‌లో విడిగా నడిపే శాఖ). చూసినవాళ్లు నవ్వుతున్నారు. ఎక్కడ తేడా కొడుతోంది?

సమాధానం: ముందు ‘భద్రపరచబడింది’ సంగతి తేల్చేద్దాం. ‘బడు’ చేర్చడం వ్యాకరణంలో ఉన్నదే, తప్పనను. కానీ మీ వైపు ఎవరైనా ‘కాలవకి నీళ్లు వదలబడ్డాయి’ అనగా విన్నారా? ‘నీళ్లు వదిలారు’ అంటారు, వదిలిందెవరో చెప్పకుండా బహువచన క్రియతో సరిపెట్టేస్తారు. పోనీ అదే పద్ధతిలో ‘ఫైల్ సేవ్ చేశారు’ అని రాద్దామా అంటే, సేవ్ చేసిన మనిషి తెర ముందే కూర్చుని ఉంటాడు, నేను కాక ఇంకెవరు చేశారబ్బా అని టెన్షన్ పడతాడు. ఇలాంటి చోట ఆదుకునేది ‘అవు’ ధాతువే. కోతలయ్యాయి, రిజిస్ట్రేషన్ అయింది, సేవ్ అయింది. అంతే. ‘భద్రపరచు’ని కూడా వదిలేయండి, నోటితో సేవ్ అంటూ తెరమీద ఇంకోటి రాయడం దేనికి?

మోడ్ పేర్ల దగ్గర చిక్కు వేరు. వరద రోజుల్లో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ పేర్లలో క్రియ లేదు, ఉన్న పరిస్థితికి పేరు పెట్టారంతే. స్టేటస్ లైన్ పనీ అదే. మీ ‘చొప్పించు’ పరిస్థితి చెప్పడం లేదు, వాడేవాణ్ణి పట్టుకుని నువ్వు అని ఆజ్ఞాపిస్తోంది. ‘దృశ్య’ అయితే సమాసంలో ముందుండాల్సిన ముక్క, ఒంటరిగా నిలబడదు. పైగా ఆ మోడ్‌లో మనం చేసేది చూడటం కాదు, టెక్స్ట్ ఎంచుకోవడం. రాత, ఎంపిక, కమాండ్ మోడ్‌కి ఆదేశం అని వరసగా నామవాచకాలు పెట్టండి.

‘1 తప్పులు’ అనకూడదు, ‘1 తప్పు’, ‘2 తప్పులు’. ఈ షరతు కోడ్‌లో రాయడం విసుగనిపిస్తే, రైస్‌మిల్లు బిల్లులో ‘బస్తాలు: 1’ అని రాసినట్టు ‘తప్పులు: 1’ అని తిప్పేయండి, శీర్షిక బహువచనంలో ఉన్నా ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. సున్నా వచ్చినప్పుడు మాత్రం ‘తప్పుల్లేవు’ అనండి, లేదా ఆ గడి ఖాళీగా వదిలేయండి.

అసలు ముడి ‘ఇల్లు లో’ దగ్గరుంది. తెలుగులో ‘లో’ లాంటి విభక్తి ముందు మాటకు అంటుకుంటుంది, అంటుకుంటూ దాన్ని మార్చేస్తుంది కూడా: ఇల్లు ఇంట్లో అవుతుంది, ఊరు ఊళ్లో అవుతుంది, అమలాపురం మాత్రం చెక్కుచెదరకుండా అమలాపురంలో అవుతుంది. బ్రాంచికి ఎవరు ఏ పేరు పెడతారో మీ కోడ్‌కి ముందే తెలియదు కదా, కాబట్టి మారే పేరు వెనకాల విభక్తి తగిలించకండి. ‘ఇల్లు బ్రాంచిలో 3 మార్పులు’ అనండి, ఆ ‘లో’ భారం మారని మాట మీద పడుతుంది. చోటు చాలకపోతే ‘ఇల్లు | మార్పులు: 3’ చాలు.

మీరు అడగలేదు గానీ ఇంకొకటి. లువాలైన్ అనే పేరున్న స్టేటస్ లైన్ ప్లగిన్‌లో మోడ్ పేరుని పొడి అక్షరానికి కుదించడానికి స్ట్రింగ్‌లో మొదటిదొక్కటే కోసుకునే అలవాటు చాలామందికి ఉంది. ఈ ప్లగిన్లు రాసే లువా భాష కోసేది అక్షరాన్ని కాదు, బైటుని. ఇంగ్లీషుకి సరిపోతుంది, అక్షరాలను కంప్యూటర్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ‘ర’ ఒక్కటే మూడు బైట్లు, కాబట్టి ‘రాత’లో మొదటి బైటు కోస్తే తెరమీద చెత్త గుర్తు పడుతుంది. మూడు బైట్లు కోస్తే ‘ర’ వస్తుంది, దీర్ఘం పోతుంది. కుదింపుని కోడ్‌కి వదలకుండా రా, ఎం, ఆ అని మీరే పట్టికలో రాసి పెట్టండి.

ఆ పట్టికలోనే అన్ని మాటలూ ఒకచోట ఉంచి, ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకునే వీలివ్వండి. మోడ్‌కి లోపల ఉన్న ఇంగ్లీషు పేర్ల జోలికి మాత్రం పోవద్దు, రంగుల సెట్టింగులు వాటినే పట్టుకుని ఉంటాయి, కదిపితే వాడేవాళ్లందరి కాన్ఫిగరేషన్లూ ఒక్కసారే పాడవుతాయి. మీ కోనసీమ మిత్రులెవరైనా ‘సేవ్ అయ్యిందండి, ఆయ్’ అని పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి, డీఫాల్ట్‌గా మాత్రం వద్దు.