నాన్న తీసిన ఫోటోలు పెడితే పిన్ని గ్రూపులోంచి వెళ్ళిపోయింది

మేడమ్, మాది నెల్లూరు. పెళ్ళయ్యాక చెన్నై వచ్చేశాను, వేళచ్చేరిలో ఉంటాం. నాన్న బ్యాంకులో చేసి రిటైరయ్యాక అమ్మా ఆయనా కూడా ఇక్కడికే వచ్చి ముడిచ్చూరులో చిన్న ఇల్లు తీసుకున్నారు. 2015 డిసెంబరు వరదల్లో ఇంట్లోకి నీళ్ళొచ్చి బీరువా అడుగు అరలో ఉన్న ఆల్బమ్‌లన్నీ తడిసి ముద్దయిపోయాయి. దాంతో నాన్న బాగా కుంగిపోయారు. ఆ తర్వాత ఇద్దరినీ మా ఇంటికే తెచ్చుకున్నాను. నాన్న పోయి రెండేళ్ళయింది. ఈ మధ్య ఆ ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద సూట్‌కేసులో నెగెటివ్‌లు, కొన్ని విడి ఫోటోలు దొరికాయి. ఎక్కువ భాగం 1994లో ఎల్టీసీ (ఉద్యోగులకిచ్చే ప్రయాణ రాయితీ) మీద మధురై, రామేశ్వరం, కన్యాకుమారి వెళ్ళినప్పటివి. నాకప్పుడు 10 ఏళ్ళు, అన్నయ్యకు 14. బాబాయి వాళ్ళు కూడా వచ్చారు. తీసింది నాన్నే కాబట్టి ఆయన ఒక్క ఫోటోలోనే ఉన్నారు. అది కూడా వంకరగా వచ్చింది, నుదుటి పైభాగం తెగిపోయింది.

అమ్మకు సర్‌ప్రైజ్ ఇద్దామని ముందు చెప్పలేదు. అన్నీ స్కాన్ చేయించి నాన్న ఆబ్దికం రోజు ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. ఒకదాంట్లో బాబాయి, ఆయన మొదటి భార్య ఉన్నారు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఉంది. ఆ ప్రయాణమంతా నాకు జడ వేసింది ఆవిడే. తర్వాత రెండేళ్ళకు వాళ్ళు విడిపోయారు. ఇప్పటి పిన్ని ఆ ఫోటో చూసి గ్రూపులోంచి వెళ్ళిపోయింది. వాళ్ళమ్మాయికి వాళ్ళ నాన్నకు ముందొక పెళ్ళయిందనే తెలియదట. ‘కత్తిరించి పెట్టకూడదా, పోయినవాళ్ళ పేరు చెప్పి ఉన్నవాళ్ళని ఏడిపిస్తావా’ అని అమ్మ నన్నే తిట్టింది. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య అన్నీ చూసి ఒక్క మాట కూడా అనలేదు. ఇది జరిగి రెండు వారాలైంది. నాన్న గురించి ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. నేను చేసింది అంత తప్పా? అన్నీ తీసేయాలా? పిన్నికి క్షమాపణ చెప్పాలా?

– ఒక సోదరి, చెన్నై

* * *

‘నాన్న గురించి ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు’ అన్నారు చూడండి, ఈ గొడవంతటిలో మీ అసలు బాధ అదేనని నాకనిపిస్తోంది. పిన్నిగారి కోపం దాని మీద వచ్చి పడింది. మనిషి పోయిన ఇంట్లో మొదటి రోజుల్లో ఏడవడానికి కూడా తీరిక ఉండదు. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, కర్మకాండలు, ఆ తర్వాత బ్యాంకు కాగితాలు, ఫ్యామిలీ పెన్షను, అమ్మ ఆరోగ్యం. అవన్నీ తేలేసరికి చుట్టూ ఎవరూ ఉండరు. నాన్న గురించి తనివితీరా మాట్లాడుకోవడానికి రెండేళ్ళుగా మీకో మనిషి లేకపోయారు. సూట్‌కేసు దొరికాక ఆ ముచ్చట మొదలవుతుందని ఆశపడ్డారు. ఆ ఆశలో ఏ దోషమూ లేదు. ఇది ముందే గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే ఇకమీద చెప్పేవి కొన్ని మీకు కష్టంగా ఉంటాయి.

మీ ఉద్దేశం మంచిదే, ఎంచుకున్న చోటు మంచిది కాదు. బంధువులందరూ ఉన్న గ్రూపులో అన్ని ఫోటోలు ఒకేసారి పడితే ఎవరు ఆగి చూస్తారు? ఒకరు ఆఫీసు బస్సులో ఉంటారు, ఒకరు పొయ్యి దగ్గరుంటారు. వేలితో పైకి తోసేసి, ఒక దండం బొమ్మ పెట్టి పనిలో పడతారు. మీ నాన్నగారి మీద వాళ్ళకు ప్రేమ లేక కాదు. ఆగి చూసేది, ఆ ఫోటోలో తమను తాకేది ఏదో కనబడినవాళ్ళే. పిన్నిగారు ఆగారు, వాళ్ళమ్మాయి ఆగింది. మీ అన్నయ్య కూడా ఆగే ఉంటారు.

ఫోటోలు మీ నాన్నగారు తీసినవే, మీ ఇంట్లో దొరికినవే. కానీ అందులో నిలబడ్డ మనుషుల బతుకులు మీవి కావు కదా. ముఖ్యంగా ఒకరి గురించి మీ ఇంట్లో ఎవరూ ఆలోచించినట్టు లేదు. బాబాయిగారి మొదటి భార్య ఇప్పుడు ఎక్కడో తన జీవితం తాను గడుపుకుంటూ ఉండి ఉంటారు. మనవాళ్ళలో చుట్టరికాలు ఎక్కడెక్కడో తిరిగి కలుస్తాయి. కొత్తకోడలిగా తాను దిగిన ఫోటో అంతమంది ఫోన్లలోకి చేరిందని ఆవిడకు ఎవరి ద్వారానో తెలిస్తే ఎలా ఉంటుంది? జడ వేసిన చేతులు గుర్తున్నాయంటే ఆవిడంటే మీకు ఇంకా అభిమానం ఉందన్నమాట. ఆ అభిమానంతోనే ఈ సంగతి ఆలోచించండి.

తీసేయాలా అని అడిగారు. వాట్సాప్‌లో అందరి ఫోన్లలోంచీ మెసేజీ తొలగించే వీలు రెండు రోజుల పైచిలుకు వరకే ఉంటుంది, ఆ గడువు దాటిపోయింది. అప్పటికే గ్యాలరీల్లోకి దిగినవాటిని ఎలాగూ వెనక్కి తెచ్చుకోలేం. ‘ఆ ఫోటో ఎవరూ ఎవరికీ పంపకండి’ అని గ్రూపులో రాద్దామనిపిస్తుందేమో, వద్దు. ఇప్పటిదాకా చూడనివాళ్ళు కూడా వెతుక్కుని మరీ చూస్తారు. ఎవరు నలుగురికీ పంపించే రకమో మీకు తెలుసు, వాళ్ళకు విడిగా ఫోన్ చేసి తీసేయమని అడగండి. అంతకుమించి గ్రూపులో ఆ ఊసే ఎత్తకండి.

అమ్మగారు చెప్పినట్టు కత్తెర మాత్రం పెట్టొద్దు. నెగెటివ్‌నీ ప్రింట్‌నీ ఉన్నది ఉన్నట్టు ఒక కవరులో పెట్టి దాచేయండి. ఆవిడను కత్తిరిస్తే ఆ చేతిని పట్టుకున్న పదేళ్ళ పిల్ల చెయ్యి కూడా పోతుంది. పైగా ఏదో ఒకనాడు బాబాయిగారి అమ్మాయే ‘అక్కా, ఆ ఫోటో ఒకసారి చూపించు’ అనొచ్చు. సగం కత్తిరించిన ఫోటో చూపిస్తే దాచినదేమిటోనని ఆ పిల్ల మనసు అక్కడే తిరుగుతుంది.

ఇక పిన్నిగారు. క్షమాపణ చెప్పాల్సిందే, అదీ మెసేజీలో కాదు. వాళ్ళు నెల్లూరులోనే ఉంటే, చెన్నై సెంట్రల్‌లో రైలెక్కితే మూడు గంటల ప్రయాణం, వెళ్ళిరండి. ‘పిన్నీ, ఆ ఫోటో పెట్టేముందు మిమ్మల్ని అడగాల్సింది, అడగలేదు. మీకు బాధ కలిగించాను’ అనండి. అక్కడితో ఆపేయండి. ‘నాన్న మీద ప్రేమతో పెట్టాను, కానీ…’ అని మొదలుపెట్టకండి. అది నిజమే. అయినా ఆ సమయంలో అంటే మిమ్మల్ని ఓదార్చే పని ఆవిడ మీద పడుతుంది.

ఆవిడ వైపు నుంచి ఒకసారి చూడండి. రెండో భార్యగా అడుగుపెట్టిన ఇంట్లో ప్రతి పెళ్ళికీ పేరంటానికీ ఎవరో ఒకరు మనసులో తనను మొదటావిడతో పోలుస్తున్నారేమోనన్న బెరుకుతో ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చి ఉంటారు. పైకి అనరు, అడిగినా ఒప్పుకోరు. అలాంటి మనిషికి ఫోన్ తెరవగానే బాబాయిగారూ మీరూ మొదటావిడ పక్కన కనిపించారు, అదీ తన కూతురు చూస్తుండగా. గ్రూపులోంచి వెళ్ళిపోవడం నాకు అతిగా అనిపించడం లేదు. కొన్నాళ్ళు పోయాక, మీ నాన్నగారు తీసినవాటిలో ఆవిడ పెళ్ళివో, పాప అన్నప్రాసనవో ఉంటాయేమో వెతకండి. ఉంటే మంచి ప్రింట్లు వేయించి ఇవ్వండి. క్షమాపణకు వెళ్ళేటప్పుడు మాత్రం తీసుకెళ్ళొద్దు, లంచంలా ఉంటుంది. ఆ రోజు ఆవిడ ముభావంగా ఉంటే బతిమాలొద్దు. మంచినీళ్ళు తాగి వచ్చేయండి, పండక్కి ఎప్పటిలాగే ఫోన్ చేయండి.

ఆ అమ్మాయి విషయంలో మీ బాధ్యత ఎంతవరకో తేల్చుకోవాలి. తనకు ఆ సంగతి ఆ తీరులో తెలియడం మీ వల్ల జరిగింది, అందుకు బాధపడుతున్నానని చెప్పండి. ఇన్నేళ్ళు చెప్పకపోవడం మాత్రం బాబాయిగారి నిర్ణయం, దాని బరువు మీరు మొయ్యకండి. ఆ పిల్ల మిమ్మల్ని గుచ్చి గుచ్చి అడగొచ్చు. అబద్ధం చెప్పొద్దు, కథంతా విప్పనూ వద్దు. ‘అది మీ నాన్న చెప్పాల్సిన సంగతి, ఆయన్నే అడుగు’ అంటే చాలు. బాబాయిగారికి కూడా ఒక మాట వేయండి, అమ్మాయి అడిగేలోపే ఆయనే కూర్చోబెట్టుకుని చెప్తే మంచిదని.

ఇవన్నీ ఎలాగో చక్కబడతాయి. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మీ అమ్మగారు. భర్త ఆబ్దికం రోజు, మడి వంటల మధ్య, ముందు ఒక మాటైనా చెప్పకుండా ఆయన తీసిన ఫోటోలన్నీ ఆవిడ ఫోన్లోకి వచ్చి పడ్డాయి. వరదల్లో పోయాయనుకుని ఆవిడ మనసులో ఎప్పుడో వదిలేసుకున్నవి అవి. ఆ తిట్లలో సగం మీమీద కోపం కాదు, తట్టుకోలేకపోవడం. సర్‌ప్రైజులు పుట్టినరోజులకు బాగుంటాయి. ఇలాంటివి ముందు ఆవిడ చేతికి ఇవ్వాల్సింది.

ఇప్పటికైనా ఇవ్వొచ్చు. ఫోన్ తెర మీద వద్దు, ఓ పదో పన్నెండో ఫోటోలు పోస్టుకార్డు సైజుకంటే పెద్దవిగా ప్రింట్ వేయించండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక తీరిగ్గా ఒకే ఒక్కటి ఆవిడ చేతిలో పెట్టండి. ‘నాన్న గురించి చెప్పమ్మా’ అని అడిగితే ఎవరికీ ఏమీ గుర్తు రాదు. చిన్న సంగతి పట్టుకుని అడగండి. పాంబన్ దగ్గర సముద్రం మీద రోడ్డు వంతెన 1988లో వచ్చింది. అంతకుముందు రామేశ్వరం వెళ్ళాలంటే ఎవరైనా రైల్లోనే సముద్రం దాటాలి. నెల్లూరు నుంచి సెంట్రల్‌లో దిగి, సామాను మోసుకుంటూ ఎగ్మోరు వెళ్ళి మీటర్‌గేజి రైలెక్కేవాళ్ళు. ‘పెళ్ళయిన కొత్తలో నువ్వూ నాన్నా రామేశ్వరం వెళ్ళారా? రైలు వంతెన మీదికి రాగానే నువ్వు కళ్ళు మూసుకున్నావా?’ అని అడిగి చూడండి. కన్యాకుమారి ఫోటోల్లో వివేకానంద శిల పక్కన ఇప్పుడు కనిపించే విగ్రహం ఉండదు. 133 అడుగుల తిరువళ్ళువర్ విగ్రహాన్ని ఆవిష్కరించింది 2000 జనవరి 1న. ‘అమ్మా, ఇక్కడేదో లేదు, ఏమిటో చెప్పు’ అనండి. మాట అలాంటిచోట పుడుతుంది. పడవ కోసం లైన్లో నిలబడినప్పుడు నాన్నగారు ఎవరితో తగువేసుకున్నారో, పులిహోర పొట్లం ఎక్కడ మర్చిపోయారో ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఆవిడ ఒప్పుకుంటే ఆ మాటలు ఫోన్లో రికార్డు చేసుకోండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఫోటో పక్కన పెట్టేస్తే ఆ రోజుకు ఆపేయండి.

ఆవిడ చెప్పిందే మళ్ళీ చెప్తున్నా మీరు విసుక్కోవద్దు. అమెరికాకు చెందిన మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లో ఒక వ్యాసం రాశారు. పెద్దవాళ్ళు గతాన్ని తవ్వుకోవడం చాదస్తం కాదని, బతికిన బతుకును వెనక్కి తిరిగి చూసుకుని సర్దుకోవడం ఆ వయసులో సహజంగా జరిగే పనేనని అందులో చెప్పారు. వృద్ధులతో పనిచేసేవాళ్ళు పాత ఫోటోలు పక్కన పెట్టుకుని కూర్చోవడం అందుకే. మీ ఇంట్లో ఆ పనికి మీకంటే తగినవాళ్ళు లేరు. నాన్న గురించి ఒక్క మాటైనా వినాలన్న మీ కోరిక తీరేదీ అక్కడే.

అన్నయ్యను తప్పుపట్టకండి. ఒక్క మాటా అనని మనిషికి ఏమీ అనిపించలేదని అనుకోవద్దు, దూరదేశంలో ఉండి తండ్రి ఫోటోలు ఒంటరిగా చూడటం తేలిక కాదు. నాన్నగారు ఉన్న ఆ ఒక్క ఫోటో ఉంది కదా, వంకరగా, నుదురు తెగిపోయి. కెమెరా ఆ క్షణంలో ఇంకొకరి చేతిలో ఉందన్నమాట. పద్నాలుగేళ్ళ పిల్లాడి చేతిలోనేమో! ఆ ఒక్కటే ఆయనకు విడిగా పంపండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోలా పంపితే స్పష్టత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే స్కాన్ చేసినది చేసినట్టే వెళ్తుంది. కింద ‘ఇది తీసింది నువ్వేనా అన్నయ్యా?’ అని ఒక్క వాక్యం రాయండి. జవాబు ఆ రోజే రాకపోయినా మళ్ళీ గుర్తుచేయకండి, ఆదివారం మామూలుగా మాట్లాడండి.

మిగతా ఫోటోలు ఎప్పటికీ దాచిపెట్టమని నేననడం లేదు. ఎవరు ఎందులో ఉన్నారో వాళ్ళకే, ఒకటీ రెండూ, అడిగి పంపండి. అత్తయ్య దిగినది ఉంటే అత్తయ్యకు, మామయ్య ఒక్కరే ఉన్నది ఉంటే మామయ్యకు. గ్రూపులో ఎవరూ రాయని మాటలు విడిగా పంపితే రాస్తారు, చాలాసార్లు ఫోనే చేస్తారు.

నెగెటివ్‌లు ప్రింట్ల కన్నా విలువైనవి, మంచి కొత్త ప్రింట్లు వాటిలోంచే వస్తాయి. మధ్యలో వేలు పెట్టకుండా అంచులు పట్టుకుని తీయండి, స్ట్రిప్పులుగా బటర్ పేపర్ కవర్లలో పెట్టి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయండి. చెన్నై గాలిలో తేమకు బూజు పట్టడం మామూలే. అటక వేడి, బీరువా అడుగు అర నీళ్ళు రెండూ వద్దు, మధ్య అర మంచిది. అమ్మగారి రికార్డింగులతో పాటు స్కాన్లన్నీ రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించి, ఒకటి డల్లాస్‌కు పంపండి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఒకే ఇంట్లో ఉంటే ఏమవుతుందో 2015లో చూశారు.