జరిగిన పనిని ఇంగ్లీషులో రాయడం గురించి మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీవు పంపిన వారం రోజుల రిపోర్టులు శ్రద్ధగా చదివాను. రొయ్యల ఎగుమతి ఆఫీసులో ఉద్యోగం కనుక ప్రతి సాయంత్రమూ ఆనాటి పనులను పై అధికారికి ఇంగ్లీషులో తెలపవలసి వస్తుంది. అవన్నీ అప్పటికే జరిగిపోయినవి కాబట్టి నీవు రాసేది చాలా వరకు భూతకాలమే. 'గో'కు 'వెంట్', 'బ్రింగ్'కు 'బ్రాట్' వంటి రూపాలు నీకు బాగానే వచ్చు. చిక్కంతా ఆ క్రియ వెనుక వచ్చే 'టు', 'ఎట్', 'ఫర్', 'ఆన్' దగ్గరే ఉంది.

మనం వాక్యాన్ని తెలుగులో అనుకొని, విభక్తికి ఒక ఇంగ్లీషు మాట వెతుకుతాం. మన 'కి' నెల్లూరికి వెళ్ళడానికీ, ఇంటికి వెళ్ళడానికీ, పోర్టుకి చేరడానికీ, ఐదింటికి రావడానికీ ఒకే తీరున సరిపోతుంది. ఇంగ్లీషులో అవే నాలుగూ 'వెంట్ టు నెల్లూర్', 'వెంట్ హోమ్', 'రీచ్డ్ ది పోర్ట్', 'కేమ్ ఎట్ ఫైవ్' అవుతాయి. రెండు చోట్ల అసలు ఏ మాటా లేదని గమనించు. అందుచేత గైడ్లలోని ప్రిపొజిషన్ల పట్టికలు బట్టీ పట్టవద్దు, అవి పరీక్ష దాటడానికే తప్ప ఉత్తరం రాయడానికి పనికిరావు. ఏ క్రియనైనా దాని వెనుక వచ్చే మాటతో కలిపి ఒకే ముక్కగా నోటికి అలవాటు చేసుకో.

మంగళవారం నాటి రిపోర్టులో 'ది లోడ్ వాజ్ రీచ్డ్ టు పోర్ట్ ఆన్ లాస్ట్ నైట్' అని రాశావు. 'ది లోడ్ రీచ్డ్ ది పోర్ట్ లాస్ట్ నైట్' అంటే చాలు. 'రీచ్డ్' తన చోటును నేరుగా తీసుకుంటుంది కనుక 'టు' అక్కరలేదు, లోడు తానే చేరింది కనుక 'వాజ్' అక్కరలేదు, 'లాస్ట్' ఉన్న కాలానికి ముందు 'ఆన్' రాదు. 'అరైవ్డ్' వాడదలచుకుంటే మాత్రం మాట తప్పనిసరి: పోర్టు, స్టేషను వంటి చోటైతే 'అరైవ్డ్ ఎట్', ఒంగోలు వంటి ఊరైతే 'అరైవ్డ్ ఇన్'.

డబ్బు సంగతి రాసేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. మనిషికి ఇస్తే 'పెయిడ్ ది డ్రైవర్', వస్తువు కోసం ఇస్తే 'పెయిడ్ ఫర్ ది ఐస్', రెండూ కలిస్తే 'పెయిడ్ ది డ్రైవర్ ఫర్ ది డీజిల్'. 'పెయిడ్ ది ఐస్' అని రాస్తే ఐసుగడ్డకే డబ్బు చేతికిచ్చినట్టుంటుంది. 'రేటు గురించి చర్చించాం' అనే అలవాటుతో 'డిస్కస్డ్ అబౌట్' అని రాస్తున్నావు. 'డిస్కస్డ్ ది రేట్' చాలు. ఎదురుచూడడం దీనికి తిరగబడి ఉంటుంది: 'వెయిటెడ్ ది లారీ' తప్పు, 'వెయిటెడ్ ఫర్ ది లారీ' అనాలి. 'డిడ్ నాట్' వచ్చిన చోట క్రియ మొదటి రూపానికి తిరిగిపోతుంది కానీ వెనుక మాట మారదు: 'డిడ్ నాట్ వెయిట్ ఫర్'.

కాలం చెప్పడానికి మన జిల్లా ఎవరి పేరు మోస్తున్నదో ఆయన సంగతినే ఉదాహరణగా తీసుకో. పొట్టి శ్రీరాములు గారు 1952లో మద్రాసులో దీక్ష పూనారు. సంవత్సరమే చెబితే 'ఇన్ 1952', తేదీతో చెబితే 'ఆన్ 19 అక్టోబర్ 1952'. 'ఫాస్టెడ్ ఫర్ 58 డేస్' అన్నప్పుడు 'ఫర్' ఎన్నాళ్ళో చెబుతుంది. 'ఫాస్టెడ్ ఫర్ ఎ సెపరేట్ స్టేట్' అన్నప్పుడు అదే 'ఫర్' దేనికోసమో చెబుతుంది. మామూలుగా రాత్రిపూట అంటే 'ఎట్ నైట్' అయినా, ఆయన కన్నుమూసిన ఆ ఒక్క రాత్రిని చెప్పేటప్పుడు 'డైడ్ ఆన్ ది నైట్ ఆఫ్ 15 డిసెంబర్' అనాలి. చోటూ కాలమూ ఒకే వాక్యంలో వస్తే చోటు ముందు, కాలం తరువాత ఉంచడం సహజంగా ఉంటుంది.

మనుషుల మధ్య జరిగినది రాసేటప్పుడు ఒక్క మాటతో అర్థమే మారిపోతుంది. సూపర్‌వైజరు దూరంగా ఉన్న కూలీకి వినబడేలా కేక వేస్తే 'షౌటెడ్ టు', కోపంతో అతని మీద అరిస్తే 'షౌటెడ్ ఎట్'. ఈ తేడా తెలియక రాసిన రిపోర్టు ఒకరి మీద ఫిర్యాదుగా మారగలదు. మేనేజరు నిన్ను చూసి పలకరింపుగా నవ్వితే 'స్మైల్డ్ ఎట్ మి' అను. 'లాఫ్డ్ ఎట్ మి' అంటే ఎగతాళి చేశాడని చదువుకుంటారు.

వచ్చే వారం రిపోర్టులను ఆఫీసుకు పంపే ముందు క్రియనూ దాని వెనుక మాటనూ కలిపి కింద గీత గీసి నాకు ఫోటో తీసి పంపు. అక్కయ్యనూ బావగారినీ అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
నీ మామయ్య,
కావలి.