ఉన్న స్థలాన్ని తాకట్టు పెట్టి పోయినచోటే వెతుక్కుంటారా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా ఆయనకు (44) మోటార్ వైండింగ్ షాపు ఉంది. ఖర్చులు పోను నెలకు 35 వేల దాకా మిగిలేది. ఈ ఫిబ్రవరిలో పాతపట్నం నుంచి వస్తుంటే బైక్ జారి కుడి మణికట్టు విరిగింది. విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండు ఆపరేషన్లకు 3.9 లక్షలు అయింది. ఇంట్లో దాచుకున్నది తిండికే సరిపోయింది. ఆసుపత్రికి కట్టిందంతా అప్పే: బ్యాంకులో నగలు పెట్టి 1.5 లక్షలు, తెలిసినాయన దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి 2 లక్షలు, ఫోన్ యాప్‌లలో 40 వేలు. నాలుగు నెలలు మూసిన షాపు ఇప్పుడు తెరిచారు కానీ వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం లేదు. నెలకు 18 వేలు వస్తోంది. నేను జాకెట్లు కుడితే ఇంకో 6 వేలు. ఇల్లు, షాపు అద్దె కలిపి 20 వేలు ఖర్చు. పాప ప్లస్ టూ చదువుతోంది. టెక్కలి దారిలో మాకున్న స్థలం 5 లక్షలు పలుకుతుందట. దాన్ని తాకట్టు పెడితే రెండున్నర రూపాయల వడ్డీకి 4 లక్షలు ఇస్తామంటున్నారు. ఆ డబ్బుతో కొత్త పంపుసెట్లు తెచ్చి అమ్ముదామంటారు మా ఆయన. తిత్లీ తుఫానులో షాపు రేకులు లేచిపోయినప్పుడు కూడా అప్పు తెచ్చే నిలబడ్డామనీ, పోయినచోటే వెతుక్కోవాలనీ ఆయన పట్టుదల. ఏం చేయమంటారు?

జవాబు: వద్దమ్మా. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.

రెండున్నర రూపాయల వడ్డీకి 4 లక్షలంటే నెలకు 10 వేలు. పాత 2 లక్షల మీద 6 వేలు కడుతూనే ఉన్నారు. మీ ఇద్దరి సంపాదనలో ఇల్లు, అద్దె పోగా మిగిలేది 4 వేలు. అందులోంచి 16 వేల వడ్డీ ఎలా కడతారు? యాప్‌ల వాయిదాలు, బంగారం వడ్డీ ఇంకా లెక్కలో వేయనే లేదు. పంపుసెట్లు అమ్ముడుపోతాయిగా అంటారేమో. ఈ వానల్లో కొత్త మోటారు కొనేదెవరు? సరుకు షాపులో కూర్చుంటుంది, వడ్డీ కూర్చోదు. కొన్న రైతు కూడా సగం ఇచ్చి, మిగతాది పంట వచ్చాక ఇస్తానంటాడు. ఈ సంగతి నాకంటే మీ వారికే బాగా తెలుసు.

దెబ్బ తగిలాక చాలామంది చేసే పొరపాటే ఇది. పోయిన నాలుగు నెలల సంపాదనను ఒక్క ఏడాదిలో లాగేయాలని ఇంకా పెద్ద అప్పుకు దిగుతారు. తిత్లీ వచ్చింది 2018 అక్టోబరులో. అప్పు తెచ్చి నిలబడ్డారు, సంతోషం. కానీ ఆ తర్వాత ఇన్నేళ్లలో, మళ్లీ షాపు మూతపడితే ఎలా అని నెలకు రెండు వేలు పక్కన పెట్టి ఉంటే, ఫిబ్రవరిలో ఆ మూడు రూపాయల వడ్డీ గుమ్మం తొక్కాల్సిన పని ఉండేది కాదు. మిమ్మల్ని దెప్పడానికి చెప్పడం లేదు. షాపు గల్లా, ఇంటి పర్సు ఒకటే అయిన ప్రతి ఇంట్లోనూ ఇదే కథ చూస్తున్నాను.

స్థలం అమ్మేయండి. పాప పెళ్లికని దాచి ఉంటారు, తెలుసు. పాప ఇంకా ప్లస్ టూలోనే ఉంది. వడ్డీకి పండగలూ సెలవులూ ఉండవు. వచ్చిన డబ్బులో ముందు యాప్‌ల 40 వేలు మూసేసి, ఆ యాప్‌లు ఫోన్‌లోంచి తీసేయండి. బెదిరింపు కాల్స్ వస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తర్వాత 2 లక్షల బాకీ తీర్చి ప్రోనోటు వెనక్కి తీసుకుని, అక్కడే చించేయండి. ఆ తర్వాత, నగలు విడిపించకముందే, 1.2 లక్షలు పక్కన పెట్టండి. ఇది మీ ఆరు నెలల ఖర్చు. వడ్డీ కడుతూ డబ్బు దాచుకోవడమేంటని మీ వారు కచ్చితంగా అడుగుతారు. బ్యాంకులో బంగారం మీద వడ్డీ నూటికి రూపాయి అటూ ఇటూ. ఆ చేతికి మళ్లీ ఫిజియోథెరపీయో, ఇంకో ఆపరేషనో కావాల్సి వస్తే ఈ డబ్బు లేకుండా మళ్లీ వెళ్లేది ఆ మూడు రూపాయల ఇంటికే. మిగిలింది నగలకు కట్టండి. స్థలం బేరం కుదరడానికి టైమ్ పడితే, అవే నగల మీద ఇంకొంత ఇస్తారేమో బ్యాంకులో అడిగి, ఈలోగా యాప్‌లు మూసేయండి.

సరిహద్దులో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. వైద్యానికి పరుగెత్తేది శ్రీకాకుళం, విశాఖ. రేషన్ కార్డు మాత్రం ఒడిశాది. ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) మీకు రాదు. మన కార్డు ఇక్కడ చెల్లదులే అనుకుని అడగకుండానే బిల్లు కట్టేస్తారు. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో కూడా ఆయుష్మాన్ భారత్ ఉంది. అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో ఆడవాళ్లకు అదనంగా ఇంకో 5 లక్షలు. జాబితాలో ఉన్న ఆసుపత్రి అయితే పక్క రాష్ట్రంలోనైనా పనిచేస్తుంది. మీ ముగ్గురి పేర్లూ కార్డులో ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి. విశాఖలో, శ్రీకాకుళంలో ఏ ఆసుపత్రులు జాబితాలో ఉన్నాయో ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించండి. అంబులెన్స్ ఎక్కాక వెతకడం కుదరదు.

అది ఆసుపత్రి బిల్లు వరకే. షాపు మూతపడిన నాలుగు నెలలకు అది ఒక్క రూపాయీ ఇవ్వదు. చేతిపని మీద బతికేవారు మంచాన పడ్డ వారాలకు వారానికింత అని ఇచ్చే పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోవాలి. బేరమాడేటప్పుడు ఆ షరతు ఉందో లేదో చదివించుకుని వినండి. బ్యాంకు ఖాతాలోంచి ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే సురక్షా ప్రమాద బీమా, 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా ఇద్దరి పేర్లా ఉండాల్సిందే. ఆ రెండింటికీ కలిపి ఒకరికి అయ్యేది రోజుకు రూపాయిన్నర కూడా కాదు.

పంపుసెట్ల వ్యాపారం చెడ్డదని నేననడం లేదు. చేయి కుదుటపడ్డాక డీలరు కమీషన్ మీద ఒకటి రెండు ఇస్తే షాపులో పెట్టి చూడండి, లేదా చిన్న ముద్రా లోన్‌కు వెళ్లండి. ఈలోగా కాయిల్ చుట్టడానికి ఒక కుర్రాణ్ని పెట్టుకోవచ్చు. మోటారు శబ్దం విని జబ్బు బేరింగులోనో వైండింగులోనో చెప్పగల చెవులు మీ వారివి. వాటికి ఫ్రాక్చర్ కాలేదు కదా.

బాకీల పుస్తకం గురించి మీరు రాయలేదు. వైండింగ్ షాపులో అది లేకుండా ఉండదు. ఆదివారం దాన్ని ముందు పెట్టుకుని కూర్చోండి. గుమ్మా, కాశీనగర్ వైపు ఊళ్లలో ఎవరెంత ఇవ్వాలో రాసుకుని వరసగా ఫోన్లు చేయండి. వసూలైన ప్రతి రూపాయీ మీ పేరున కొత్త సేవింగ్స్ ఖాతాలో వేయండి. దానికి మాత్రం ఫోన్‌పే కలపకండి.