భర్త పోయిన ఇంట్లో డబ్బు పనులు: ఏది ఇప్పుడు, ఏది ఏడాది తర్వాత

ప్రశ్న: మావారు (42) నెలన్నర క్రితం గుండెపోటుతో పోయారు. నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో పనిచేస్తున్నారు. నేను స్కూల్ టీచర్‌ని, జీతం 18,000. పాప ఏడో తరగతి, బాబు మూడో తరగతి. అత్తగారు (68) మాతోనే ఉంటారు. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ 30 లక్షలకు నామినీని నేనే. పీఎఫ్ సుమారు 8 లక్షలు, ఎల్ఐసీ పాలసీ 10 లక్షలు ఉన్నాయి. ఈ రెండిటికీ మా పెళ్లికి ముందే ఆయన అత్తగారిని నామినీగా రాశారు. ఇద్దరి పేరున కొన్న ఫ్లాట్ మీద ఇంకా 22 లక్షల లోన్ ఉంది, ఈఎంఐ 24,000. ఇంటి ఖర్చు మరో 30,000. కర్మలకు ఆయన ఏటీఎం కార్డుతో 60,000 తీశాను. అది తప్పా? డబ్బు రాగానే వెంచర్‌లో ప్లాట్లు కొందామని మరిది అంటున్నాడు. మావారు తన దగ్గర 3 లక్షలు చేబదులు తీసుకున్నారని ఒక బంధువు అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

జవాబు: అమ్మా, మీ ముందున్న పనులు రెండు రకాలు. రావలసిన డబ్బు అడిగి తెచ్చుకోవడం ఒకటి, వచ్చిన డబ్బు ఏం చేయాలో తేల్చడం రెండోది. మొదటిదానికి రేపటి నుంచే తిరగండి. రెండోదాన్ని ఏడాది వరకు ముట్టుకోకండి, లోన్ సంగతి తప్ప. అది కింద చెబుతాను.

ముందు ఏటీఎం విషయం. ఖాతాదారు పోయాక ఆ కార్డు వాడకూడదు, ఖాతాలో నామినీ మీరే అయినా సరే. కర్మలకు తీశారు కాబట్టి దాని గురించి టెన్షన్ పడకండి. ఆ 60,000 ఎక్కడ ఖర్చయిందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, ఇకపై కార్డు తీయకండి. మరణ ధ్రువపత్రం తీసుకెళ్లి బ్రాంచిలో చెప్పండి. నామినీ ఉన్న ఖాతాకు వారసత్వ సర్టిఫికెట్ తెమ్మని బ్యాంకు పట్టుబట్టకూడదు. కాగితాలన్నీ ఇచ్చిన 15 రోజుల్లో క్లెయిమ్ తేల్చాలని రిజర్వు బ్యాంకు నియమం. కౌంటర్‌లో వేరేలా చెబితే రాతపూర్వకంగా ఇమ్మనండి.

ఆయన సిమ్ మాత్రం ఆపేయకండి. దుఃఖంలో చాలామంది ముందు చేసే పని అదే. నెలనెలా రీచార్జ్ చేస్తూ ఆ నంబరు బతికించి ఉంచండి. దానితో డబ్బు బదిలీ చేయడానికి కాదు. ఏ ప్రీమియం గడువు వచ్చింది, ఏ సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే మొత్తం) కట్ అయింది, ఏ డివిడెండ్ పడింది అన్నది ఆ మెసేజ్‌లే చెబుతాయి. ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి వరుస వరుసా చదవండి. మే నెలాఖరులో 436 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా. కారణం ఏదైనా 2 లక్షలు వస్తాయి, ఆ బ్యాంకులోనే అడగాలి. 20 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రమాద బీమా, గుండెపోటుకు రాదు. ఊళ్లో ఆయన పేరున పట్టాదారు పాసుపుస్తకం ఉందా? ఉంటే రైతుబీమాలో పేరు నమోదైందేమో వ్యవసాయ విస్తరణాధికారిని అడగండి. తెలంగాణలో ఆ పథకం కింద 5 లక్షలు వస్తాయి. పట్నంలో ఉద్యోగం చేసేవాడికి రైతుబీమా ఏమిటని చాలా ఇళ్లలో అడగనే అడగరు.

హోమ్ లోన్ మొదలైన నెల స్టేట్‌మెంట్ కూడా తీయండి. లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకులు ఒకేసారి ప్రీమియం కట్టించుకుని లోన్‌కు బీమా అంటగట్టడం మామూలే. చాలామంది ఆ సంగతి మరిచిపోతారు. అలాంటిది ఉంటే మీ 22 లక్షల్లో పెద్ద భాగం అక్కడే తీరిపోతుంది. కింద చెప్పే లెక్క అంతా అది లేదనుకుని వేసింది.

కాగితాల్లో ముఖ్యమైనవి రెండే, మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. రెండోది మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దార్ ఇస్తారు. అందులో అత్తగారి పేరు తప్పకుండా ఉండాలి. మన పేర్లతో ఒక చిక్కు ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, పాలసీలో ఒక్క అక్షరంగా మిగులుతుంది, పాన్‌లో చివరికి పోతుంది. క్లెయిములు వెనక్కి రావడానికి ఇది పెద్ద కారణం. మరణ ధ్రువపత్రంలో తప్పుంటే ఇప్పుడే సరిచేయించండి. మిగతా తేడాలకు ఇవన్నీ ఒకే మనిషి పేర్లని నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించి పెట్టుకోండి.

ఇక కంపెనీ. హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి ఐదు విషయాలు అడగండి: గ్రూప్ ఇన్సూరెన్స్, ఆఖరి జీతంతో పాటు మిగిలిన సెలవుల డబ్బు, గ్రాట్యుటీ (చేసిన సర్వీసుకు కంపెనీ ఒకేసారి ఇచ్చే మొత్తం), పీఎఫ్, ఈడీఎల్ఐ. ఐదేళ్ల సర్వీసు లేదు కాబట్టి గ్రాట్యుటీ రాదని ఎవరైనా అంటే నమ్మకండి. ఉద్యోగి చనిపోతే ఆ ఐదేళ్ల షరతు వర్తించదు. ఈడీఎల్ఐ అంటే పీఎఫ్ ఉన్న ప్రతి ఉద్యోగికీ కంపెనీ ఖర్చుతో ఉండే బీమా, గరిష్ఠంగా 7 లక్షలు. ఆయన పీఎఫ్ నిల్వ చూస్తే మీ కుటుంబానికి పూర్తి 7 లక్షలు రావాలి. పీఎఫ్ ఆఫీసులో ఫారం 20 పీఎఫ్ డబ్బుకు, 5ఐఎఫ్ ఈడీఎల్ఐకి, 10డి పెన్షన్‌కు. పెన్షన్ సంగతి చాలామందికి తెలియదు. మీకు నెలనెలా వితంతు పెన్షన్, పిల్లలిద్దరికీ 25 ఏళ్లు వచ్చేవరకు అందులో నాలుగో వంతు చొప్పున విడిగా వస్తాయి. కొన్ని వేలే, కానీ వదులుకోవలసినవి కావు.

అత్తగారి నామినేషన్ విషయం మీరు రెండు వాక్యాల్లో ముగించారు. మీ ఉత్తరంలో అసలు బరువున్నది అదే. పీఎఫ్ నిబంధనల ప్రకారం పెళ్లికి ముందు రాసిన నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది. చెల్లే నామినేషన్ లేనప్పుడు ఆ డబ్బు కుటుంబంలోని అర్హులందరికీ సమానంగా వెళ్తుంది. మీరు, ఇద్దరు పిల్లలు, కొడుకు మీద ఆధారపడిన తల్లి, అంటే నాలుగు వాటాలు. ఈడీఎల్ఐకీ ఇదే దారి.

ఎల్ఐసీ అలా కాదు. పెళ్లయినంత మాత్రాన అక్కడ నామినేషన్ రద్దు కాదు, డబ్బు అత్తగారి చేతికే వస్తుంది. నామినీ కేవలం డబ్బు అందుకునే మనిషి, హక్కు వారసులదని 1984లో సుప్రీంకోర్టు చెప్పింది. 2015లో బీమా చట్టం మార్చి తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ము వారిదేనన్నారు. ఆ మార్పు తర్వాత హైకోర్టులు ఒకే మాట మీద లేవు. కేసు వేస్తే ఏళ్లు పడుతుంది, పైగా ఎదురుగా ఉండేది మీ పిల్లల నాయనమ్మ. నా సలహా వినండి, ఆ 10 లక్షలు ఆమెకే వదిలేయండి. పెన్షన్ లేని 68 ఏళ్ల మనిషి ఆమె. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పథకంలో వేస్తే ఇప్పుడున్న 8.2 శాతం వడ్డీతో మూడు నెలలకోసారి 20,500 వస్తుంది. తన మందులకు, చేతి ఖర్చుకు ఎవరి వైపూ చూడక్కర్లేదు.

ఫ్లాట్‌లోనూ ఆమెకు వాటా ఉంది. మీ సగం మీదే. ఆయన సగం హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి నలుగురికీ సమానం. అంటే మొత్తంలో మీది ఎనిమిదిలో ఐదు వంతులు, మిగతా ముగ్గురిది ఒక్కో వంతు. మరిదికి ఇందులో ఏ వాటా లేదు. అత్తగారు ఇష్టపడితే తన వాటా మనవల పేరున రిజిస్టర్డ్ దస్తావేజుతో వదులుకోవచ్చు. కానీ సంవత్సరీకం అయ్యేదాకా ఆ మాట ఎత్తకండి. మీరూ ఈలోగా ఎవరు తెచ్చిన కాగితం మీదా సంతకం పెట్టకండి. పిల్లల వాటా ఉన్న స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా మీరు అమ్మలేరన్నది కూడా గుర్తుంచుకోండి. ప్లాట్లు పిల్లల పేరున కొందామన్న ప్రతిపాదన రావచ్చు కాబట్టి చెబుతున్నాను.

మరిదికి ఏం చెప్పాలంటారా? సలహాదారు ఏడాది వరకు ఏదీ కొనొద్దన్నాడని చెప్పండి. చెడ్డపేరు నాకు రానివ్వండి, నాకు అలవాటే. ఖాతాలో 30 లక్షలు పడగానే బ్యాంకు నుంచి కూడా ఫోన్లు మొదలవుతాయి. వాళ్లకూ అదే జవాబు.

చేబదులు విషయంలో ఆధారం అడగండి. నోటు గానీ, బ్యాంకు బదిలీ గానీ, వాట్సాప్ మెసేజ్ గానీ ఏదో ఒకటి ఉండాలి. ఆయన స్టేట్‌మెంట్‌లో ఆ మొత్తం కనిపిస్తే నిదానంగా తీర్చండి, అది న్యాయం. ఆయన బాకీకి ఆయన వదిలిన ఆస్తి మేరకే వారసుల బాధ్యత, మీ జీతానికి సంబంధం లేదు. ఏం జరిగినా మీ పేరున కొత్త ప్రామిసరీ నోటు మాత్రం రాయకండి. రాస్తే ఆ అప్పు మీ సొంతం అయిపోతుంది.

ఇప్పుడు లోన్ లెక్క. గ్రూప్ ఇన్సూరెన్స్ 30 లక్షలు, పీఎఫ్, ఈడీఎల్ఐ కలిపి 15 లక్షల్లో మీవీ పిల్లలవీ మూడు వాటాలు 11.25 లక్షలు, గ్రాట్యుటీ సుమారు లక్ష. మొత్తం 42 లక్షలు అనుకుందాం. లోన్ అలాగే ఉంచితే జీతం పోను నెలకు 36,000 తక్కువ పడుతుంది. 42 లక్షల మీద 6.5 శాతం వడ్డీ వచ్చినా నెలకు 22,750 మాత్రమే, అసలు మొత్తంలోంచి తీసి తినక తప్పదు. లోన్ తీర్చేస్తే 20 లక్షలు మిగులుతాయి, వాటి మీద నెలకు దాదాపు 10,800 వస్తుంది. తక్కువ పడేది 12,000. పెన్షన్ కలిస్తే ఇల్లు నడుస్తుంది. అందుకే ఎదురుచూడక్కర్లేని నిర్ణయం ఇదొక్కటే. లోన్ బీమా లేదని తేలగానే కట్టేయండి. ఫ్లోటింగ్ వడ్డీ (ఎప్పటికప్పుడు మారే వడ్డీ) లోన్ ముందే తీర్చినందుకు మీ దగ్గర ఛార్జీ తీసుకోకూడదు. తీరిన 30 రోజుల్లో ఇంటి కాగితాలు తిరిగి ఇవ్వాలి. ఆలస్యమైతే బ్యాంకు రోజుకు 5,000 చొప్పున మీకు కట్టాలి. ఈలోగా ఈఎంఐ ఒక్కటి కూడా తప్పనివ్వకండి, లోన్‌లో మీ పేరూ ఉంది.

మిగిలిన 20 లక్షలు నాలుగు బ్యాంకుల్లో ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేయండి, ఒక్కో బ్యాంకులో 5 లక్షలకే డిపాజిట్ బీమా ఉంటుంది కాబట్టి. పిల్లల చదువు కోసం అందులో కొంత మ్యూచువల్ ఫండ్లలోకి మళ్లించాలి. ఆ సంగతి ఏడాది తర్వాత మాట్లాడుకుందాం.

ఆగకూడనిది ఇంకొకటి, ఆరోగ్య బీమా. ఇన్నాళ్లూ కంపెనీది ఉండి ఉంటుంది. ఆయన ఉద్యోగంతో అదీ పోయింది. ఆ కవర్ ఏ తేదీ వరకు ఉందో, అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారవచ్చేమో హెచ్‌ఆర్‌ను అడగండి. కుదరకపోతే మీకూ పిల్లలకూ వెంటనే ఒక ఫ్యామిలీ పాలసీ, అత్తగారికి విడిగా ఒకటి తీసుకోండి. మీ పేరున 50 లక్షల టర్మ్ పాలసీ (మనిషి పోతేనే డబ్బు వచ్చే బీమా) కూడా తీసుకోండి, ఇప్పుడు పిల్లలకు మిగిలిన సంపాదన మీదొక్కటే.

చివరిగా మీ వీలునామా. తెల్ల కాగితం చాలు, స్టాంపు అక్కర్లేదు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే మంచిది. మీకేమైనా అయితే పిల్లల సంరక్షకులు ఎవరో అందులో రాయండి, వాళ్లను ముందే అడిగి రాయండి. చట్టం ఆ హక్కు మీకు ఇచ్చింది.