తుప్పు పట్టిన 1968 మస్టాంగ్ కొనొచ్చా? ముందు కౌల్‌లో నీళ్ళు పోసి చూడండి

ఒహాయోలో 1968 ఫోర్డ్ మస్టాంగ్ కూపే (రెండు డోర్ల కారు) అమ్మకానికి ఉంది, ఇంజన్ బాగుంది, ఫ్లోర్ చిల్లులు పడింది, "రెండు ఫ్లోర్ ప్యాన్లు వేస్తే చాలు" అంటున్నాడు అమ్మే ఆయన, ఇంట్లో చేసుకోగలమా అని అడిగారు. చేసుకోవచ్చు. డెట్రాయిట్ దగ్గర మా గ్యారేజీలో నేను 1967 కూపే బాడీని అలాగే బాగు చేసుకున్నాను. కానీ ఆ "రెండు ఫ్లోర్ ప్యాన్లు" మాట నమ్మి అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి. ఫ్లోర్ ఊరికే పోదు. పైనుంచి నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో ముందు తేలాలి.

చాలా మస్టాంగ్‌లలో ఆ చోటు కౌల్. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర గాలి లోపలికి పోయే సన్నటి గాట్లు కనిపిస్తాయి చూడండి, వాటి కింద రెండు రేకులు కలిపి వెల్డ్ చేసిన గూడు ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆకులు, మట్టి అందులో పడి తడిసి ముద్దవుతాయి. లోపలి గాలి రంధ్రం చుట్టూ నీళ్ళు ఆపడానికి పైకి లేపిన అంచు ఉంటుంది. అది తుప్పు తింటే వాన నీళ్ళు నేరుగా మీ కాళ్ళ దగ్గర పడతాయి. చూడటం తేలికే. కార్పెట్ ఎత్తేసి, ఒకరు టార్చ్‌తో డ్యాష్‌బోర్డ్ కింద తల పెట్టాలి, ఇంకొకరు పైప్‌తో ఆ గాట్లలో నెమ్మదిగా నీళ్ళు పోయాలి. మా కారులో హీటర్ పెట్టె వెనక నుంచి ముందు ఒక్కో చుక్క, తర్వాత ధారగా, గోధుమ రంగు నీళ్ళు వచ్చాయి. అలా వస్తే పై రేకు ఊడదీయాలి. ఫెండర్లు (ముందు చక్రాల పైనుండే రేకులు), ముందు అద్దం తీసి, స్పాట్ వెల్డులు ఒక్కొక్కటీ డ్రిల్ చేసి విప్పే పని. ఓపిక ఉండాలి. అమ్మే ఆయన నీళ్ళు పోయనివ్వకపోతే అదే మీకు జవాబు.

ఈ కార్లకు విడిగా ఫ్రేమ్ ఉండదని గుర్తుంచుకోండి. ఫ్లోర్, రాకర్లు (డోర్ల కింద పొడుగ్గా ఉండే భాగాలు), రైల్స్ (కారు అడుగున ఉండే రేకు దూలాలు) కలిసి బరువు మోస్తాయి. అదే కాలపు షెవ్రోలే షెవెల్ కారుకి కింద ఫ్రేమ్ వేరే ఉంటుంది, అక్కడ ఫ్లోర్ పోయినా భయం తక్కువ. మీరు చూసే కారులో టార్క్ బాక్సులు (రైల్స్‌ని రాకర్లతో కలిపే పెట్టెలు), వెనక లీఫ్ స్ప్రింగ్‌లు తగిలించే రైల్స్, షాక్ టవర్లు (ముందు సస్పెన్షన్ పైభాగం ఆనే గూళ్ళు) స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. వెనక చక్రాల చుట్టూ అయస్కాంతం తిప్పండి. పట్టని చోట రేకు బదులు పుట్టీ ఉన్నట్టు. జాకీ మీద ఎత్తినప్పుడు డోర్ సందు మారితే నేనైతే బేరం ఆపేస్తాను. ఈ మోడల్‌కి కొత్త ప్యానెళ్ళు దాదాపు అన్నీ దొరుకుతాయి, నిజమే. మన దగ్గరలా సందు చివర డెంటింగ్ మేస్త్రీ మాత్రం దొరకడు, లేబర్ ఖర్చు చూస్తే కళ్ళు తిరుగుతాయి.

కొన్నాక, ఏదైనా కోసే ముందు బాడీ వంగకుండా డోర్ ఖాళీలకు అడ్డంగా ఇనుప పైపులు వెల్డ్ చేయండి. సస్పెన్షన్ దగ్గర బరువు ఆనేలా నిలబెట్టి, ఒక వైపు పూర్తి చేశాకే రెండో వైపుకు వెళ్ళండి. ముందు కౌల్, రైల్స్, తర్వాత ఫ్లోర్, చివర్లో బయటి ప్యానెళ్ళు. ఫ్లోర్‌ని పాత వెల్డుల దగ్గర డ్రిల్ చేసి విప్పితే కింద రైలు దెబ్బతినదు. కొత్త ప్యాన్‌లో 8 మి.మీ. రంధ్రాలు చేసి, వాటిలోంచి వెల్డింగ్ నింపాలి. మిగ్ మెషీన్‌కి (వైరు దానంతటదే ముందుకొచ్చే వెల్డింగ్ యంత్రం) 0.6 మి.మీ. వైరు, 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సరిపోతాయి. రేకు పల్చన కాబట్టి గీత గీసినట్టు లాగకండి. ఇక్కడొక చుక్క, అరచెయ్యి దూరంలో ఇంకో చుక్క పెట్టి, చల్లారనిచ్చి మళ్ళీ రండి. ముఖ్యంగా క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రం చుట్టూ ఉండే బయటి రేకు) వేడికి ఒకసారి అలలు తేలితే సరిచేయడానికి తాతలు దిగొస్తారు. శాండ్ బ్లాస్టింగ్‌కి (ఇసుక చిమ్మి తుప్పు రాల్చడానికి) బానెట్, రూఫ్ ఇవ్వొద్దు, ఆ పల్చని రేకులు వంగిపోతాయి.

తుప్పు మీదే పూసే పెయింట్లు రైల్స్ లోపలికి పర్లేదు, కనిపించే చోట నాకు నమ్మకం లేదు. రేకు తెల్లగా వచ్చాక ఆలస్యం చేయకుండా ఎపాక్సీ ప్రైమర్ కొట్టండి. హార్డెనర్ కలిపే యురెథేన్ పెయింట్లలో ఐసోసయనేట్లు ఉంటాయి, మామూలు మాస్క్ సరిపోదు, బయటి నుంచి గాలి అందించే రెస్పిరేటర్ కావాలి. అది లేకపోతే ఆఖరి పెయింట్ షాపుకే ఇవ్వండి.

ఇంకో సంగతి, డ్రైవర్ వైపు ఇన్నర్ ఫెండర్ (ఇంజన్ పక్కనుండే లోపలి రేకు) మీద విన్ నంబర్, అంటే కారు గుర్తింపు నంబర్, పొడిచి ఉంటుంది. ఆ రేకు పోయి ఉంటే మీ రాష్ట్రం రూల్స్ కనుక్కోకుండా కోయకండి, టైటిల్ (కారు యాజమాన్య పత్రం) గొడవల్లో పడతారు.

అంతా అయ్యాక రాకర్ల లోపల క్యావిటీ వ్యాక్స్ (తుప్పు రాకుండా లోపలి ఖాళీల్లో కొట్టే మైనం) కొట్టించి, కింద డ్రెయిన్ రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోండి. చలికాలం రోడ్ల మీద చల్లిన ఉప్పు వసంతం వానలకు కడుక్కుపోయే దాకా కారు బయటికి తీయకండి.