రేడియేషన్ పేరు చెప్పి రొయ్యల డబ్బు కోయవచ్చా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మూడెకరాల చెరువు లీజుకు తీసుకుని వనామీ రొయ్య వేశాను. 2025 సెప్టెంబరులో పట్టుబడి చేశాం (చెరువులో రొయ్యలు పట్టాం). 40 కౌంట్‌కి (కిలోకి నలభై తూగే సైజుకి) కిలో 340 రూపాయలని ఏజెంటు ఒప్పుకుని, 2,600 కిలోలు కాటా వేయించుకుని ఐస్ బండిలో పట్టుకెళ్లాడు. పన్నెండు రోజుల తర్వాత డబ్బు ఇస్తూ 'అమెరికాలో రొయ్యల్లో రేడియేషన్ బయటపడింది, కంపెనీ రేటు తగ్గించింది' అని కిలోకి 60 రూపాయల చొప్పున 1,56,000 కోసేశాడు. ఇది చెల్లుతుందా? మా బావమరిది 'గోదావరి రొయ్యల్లో అణు విషం' అనే వీడియో ఊరి వాట్సాప్ గ్రూపులో పెడితే ఎస్సై గారు స్టేషన్‌కు రమ్మన్నారు. కేసు పెడతారా? రేపు కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం వచ్చి మా నీళ్లు పాడైతే నష్టం ఎవరిస్తారు?

జవాబు: ముందు డబ్బు సంగతి చూద్దాం. మీ ఉత్తరమంతా రేడియేషనే ఉంది గానీ, ఇప్పటికి మీ చేతిలోంచి పోయింది మాత్రం ఆ లక్షా యాభై ఆరు వేలు.

ఏజెంటు చెప్పిన వార్త కల్పితం కాదు. 2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కొన్ని ఫ్రోజెన్ రొయ్యల్లో సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం ఉన్నట్టు ప్రకటించింది. కాకపోతే ఆ సరుకు ఇండోనేషియాది. శాంపిల్‌లో కిలోకి 68 బెకరెల్స్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) తేలింది. ఆ సంస్థ పెట్టుకున్న ప్రమాద హద్దు 1,200. అంత తక్కువ ఉన్నా సరుకు వెనక్కి రప్పించారు, ఎందుకంటే సీజియం-137 చెరువులో తనంతట తాను పుట్టేది కాదు. ఇండోనేషియాలో జరిగిన దర్యాప్తు చికండే అనే పారిశ్రామికవాడలో ఇనుప తుక్కు కరిగించే ఫ్యాక్టరీ వైపు దారితీసింది. అక్టోబరు నెలాఖరు నుంచి జావా, లాంపుంగ్ ప్రాంతాల రొయ్యలకు ప్రత్యేక సర్టిఫికెట్ ఉండాలని ఎఫ్‌డీఏ రూలు పెట్టింది. ఆ రూలు ఆ ప్రాంతాలకే. మన జిల్లాకు దాంతో సంబంధం లేదు.

అదే ఆగస్టు నెలలో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. ధరలు పడిపోయిందీ, అందరికీ టెన్షన్ పట్టుకుందీ దాంతోనే. రెండు వార్తలూ ఒకే నెలలో వచ్చేసరికి, ఏది కలిసొస్తే అది చెప్పుకోవడం బేరగాళ్లకు తేలికైంది. పట్టుబడికి ముందు రేటు తగ్గించి అడిగితే అది బేరం, ఇష్టమైతే ఇస్తారు, లేకపోతే ఇంకో ఏజెంటును పిలుస్తారు. కాటా అయి బండి కదిలాక తగ్గించడం వేరే సంగతి.

1930 నాటి వస్తువుల విక్రయ చట్టం ఇక్కడ మీకు అండ. సరుకు తీసుకున్నాక కొన్నవాడు తనదన్నట్టుగా ఏ పని చేసినా, ఆ సరుకును 'అంగీకరించినట్టే' అంటుంది 42వ సెక్షన్. మీ రొయ్యలు ఫ్యాక్టరీకి వెళ్లి తలలు తీసి బ్లాకులుగా కట్టేశాక అంగీకరించలేదనే మాటకు చోటు లేదు. అప్పుడిక కొన్నవాడికి మిగిలే దారి ఒకటే: సరుకులో లోపం ఉందని చూపించి, 59వ సెక్షన్ కింద దాని మేరకు ధర తగ్గించమని అడగడం. ఆ లోపం ఉందని రుజువు చేయాల్సిన భారం అతనిది. 'పేపర్లో చూశాను' అంటే అది రుజువు కాదు.

ఇక్కడ ఒక చిన్న మెలిక వస్తుంది. 'మా దగ్గర ల్యాబ్ రిపోర్టు ఉంది' అని అతను ఒక కాగితం చూపించవచ్చు. దాన్ని చూసి గాభరా పడకండి. మన భీమవరంలో పట్టుబడికి ముందు చేయించే ఎలీసా పరీక్ష యాంటీబయోటిక్స్ కోసం. అందులో రేడియేషన్ తేలదు. సీజియం కొలవాలంటే గామా కిరణాలను లెక్కించే పరికరాలు కావాలి. ఎగుమతి ఆహార పదార్థాలకు అలాంటి పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చే ల్యాబ్ అణుశక్తి శాఖకు చెందిన 'బ్రిట్' సంస్థకు నవీ ముంబైలో ఉంది. కనుక రిపోర్టు చూపిస్తే రెండే అడగండి: ఏ మూలకం, ఎన్ని బెకరెల్స్? ఆ శాంపిల్ నా చెరువు లాట్‌దే అని ఎలా తెలుసు? నలుగురైదుగురు రైతుల సరుకు ఒకే బండిలో కలిశాక రెండోదానికి జవాబు చెప్పడం చాలా కష్టం. పైగా ఇండోనేషియా ఉదంతం చూడండి, అనుమానమంతా ఫ్యాక్టరీ చుట్టుపక్కల తుక్కు మీదే. ఒకవేళ అలాంటిది ఇక్కడ జరిగినా, కాటా తర్వాత అంటిన దోషానికి చెరువు రైతు పూచీ ఎందుకవుతుంది?

మీ కేసులో నాకు కొంచెం బెంగ ఉన్నది వేరే చోట. చీటీ ఎవరి పేరు మీద ఉంది? చాలా చోట్ల తెల్ల చీటీ మీద కౌంటు, కిలోలు రాసి కింద ఒక గీత గీసి ఇస్తారు. కంపెనీ పేరుండదు, ఏజెంటు సంతకం పొడి అక్షరాల్లో ఉంటుంది. రేపు కోర్టులో 'నేను మధ్యవర్తిని, కంపెనీని అడగండి' అంటాడు, కంపెనీ 'అతనెవరో మాకు తెలియదు' అంటుంది. కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ ప్రకారం తన యజమాని పేరు బయటపెట్టకుండా బేరం చేసిన ఏజెంటు తానే బాధ్యుడని భావించవచ్చు. అందుకే నోటీసు ఇద్దరికీ ఇప్పించండి. డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో బ్యాంకు స్టేట్‌మెంటులో చూడండి, కొనుగోలుదారు ఎవరో చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది. 340 అని ఒప్పుకున్న వాట్సాప్ మెసేజీ ఉంటే ఆ ఫోను అమ్మకండి, ఫార్మాట్ చేయించకండి. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం దానికి సర్టిఫికెట్ జతచేయాలి, అది మీ వకీలు చూసుకుంటారు. 'పూర్తి బాకీ ముట్టింది' అన్న కాగితం మీద సంతకం పెట్టి ఉంటే మాత్రం ముందే చెప్పండి. దాచిపెడితే మొదటి వాయిదాలోనే బయటపడుతుంది.

దావాకు సరుకు అప్పగించిన రోజు నుంచి మూడేళ్ల గడువు. మొత్తం మూడు లక్షల లోపు కనుక కమర్షియల్ కోర్టు నిబంధనలు అడ్డురావు. అయినా నేనైతే నేరుగా దావా వేయించను. మండల న్యాయ సేవా కమిటీలో ప్రీ-లిటిగేషన్ లోక్ అదాలత్‌కు (దావాకు ముందే రాజీ చూసే వేదికకు) అర్జీ పెట్టండి, కోర్టు ఫీజు లేదు. వచ్చే పంటకీ అదే ఏజెంటు కావాలని మీ మనసులో ఉంటే అక్కడ రాజీ దొరకవచ్చు. రాజీ అవార్డు వస్తే దానిపై అప్పీలు ఉండదు, డిక్రీలాగే అమలవుతుంది.

బావమరిది గారి వ్యవహారానికి వద్దాం. భారతీయ న్యాయ సంహిత 353వ సెక్షన్ ప్రకారం జనంలో భయం పుట్టించే ఉద్దేశంతో, లేదా భయం పుట్టే అవకాశం ఉన్న అబద్ధపు వార్తలు పంచితే మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. నిజమేనని నమ్మడానికి తగిన కారణం ఉండి, చెడు ఉద్దేశం లేకుండా పంచితే అదే సెక్షన్‌లో మినహాయింపు ఉంది. అణు విద్యుత్ వద్దు అనడం, కొవ్వాడ మీద ప్రశ్నలు అడగడం, ధర్నాకు రమ్మని పిలవడం నేరం కాదు. 'మా ఊరి రొయ్యల్లో విషం తేలింది' అని లేని పరీక్షను ఉన్నట్టు చెప్పడమే చిక్కు. వీడియోలో ఆ మాట ఉందో లేదో చూసుకోమనండి. స్టేషన్‌కు వెళ్లమనండి, తప్పించుకు తిరగవద్దనండి. ఎవరి నుంచి వచ్చిందో ఆ మెసేజీ చూపించి, పొరపాటైతే గ్రూపులో సవరణ పెట్టి, ఆ సంగతి రాతపూర్వకంగా ఇవ్వమనండి. రొయ్యల మీద బతికే ఊళ్లో ఉంటూ ఆ సరుకు మీదే అలాంటి వీడియో ఎందుకు పంచాడో నాకు అర్థం కాలేదు గానీ, అది చట్టానికి సంబంధించిన ప్రశ్న కాదు.

ఇక కొవ్వాడ. మీ ఉత్తరం చదివాక ఒక అనుమానం వచ్చింది: భీమవరం పక్కనున్న కొవ్వాడ అన్నవరం అనుకుంటున్నారా? ప్రతిపాదన ఉన్నది శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో, మీకు మూడు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ దూరంలో. ఆరు రియాక్టర్లు, ఒక్కొక్కటి 1,208 మెగావాట్లు. మన రాష్ట్రంలో ఇవాళ్టికి విద్యుత్ తయారుచేసే అణు రియాక్టరు ఒక్కటీ లేదు.

ప్రమాదం జరిగితే పరిహారం ఎవరిదన్న మీ ప్రశ్న మాత్రం మంచిదే, ఎందుకంటే చట్టం ఇటీవలే మారింది. 2010 నాటి అణు నష్ట బాధ్యత చట్టం కేంద్రం నడిపే సంస్థకు గరిష్ఠంగా 1,500 కోట్ల బాధ్యత పెట్టింది, లోపం ఉన్న పరికరం ఇచ్చిన సరఫరాదారు నుంచి ఆ డబ్బు తిరిగి రాబట్టుకునే వీలూ ఇచ్చింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన 'శాంతి' చట్టం ఆ చట్టాన్నీ, 1962 అణుశక్తి చట్టాన్నీ తప్పించి, రియాక్టరు సామర్థ్యాన్ని బట్టి 100 కోట్ల నుంచి 3,000 కోట్ల దాకా మెట్లు పెట్టింది. లోపభూయిష్టమైన పరికరానికి సరఫరాదారును పట్టుకునే పాత దారి అందులో లేదు. నా మటుకు నాకు ఇది సామాన్యుడి వైపు నుంచి వెనకడుగే. ప్రైవేటు పెట్టుబడి రావాలంటే తప్పదని వాదించేవాళ్లూ ఉన్నారు.

డెల్టాలో నిజంగా చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. చమురు, గ్యాస్ బావుల్లో లాగింగ్ (లోపలి పొరలను కొలవడం) చేసే పరికరాల్లో, పైపులైను వెల్డింగులు తనిఖీ చేసే కెమెరాల్లో, క్యాన్సర్ ఆసుపత్రుల్లో చిన్న రేడియోధార్మిక మూలాలు ఉంటాయి. వాటికి అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు ఉండాలి. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు మార్కెట్లో ఇలాంటిదే, విశ్వవిద్యాలయం వేలంలో అమ్మిన పాత యంత్రంలోని కోబాల్ట్-60, విప్పిన కార్మికుల్లో ఒకరి ప్రాణం తీసింది. అలాంటివాటికి 1991 నాటి ప్రజా బాధ్యత బీమా చట్టం పనికిరాదు, 'ప్రమాదం' అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోంచే రేడియోధార్మికతను తీసేసింది. మామూలు పంట, చెరువు బీమా పాలసీల్లోనూ అణు నష్టం మినహాయింపు కింద ఉండటం రివాజు, మీ పాలసీ వెనుక పేజీ ఒకసారి చదవండి. అప్పుడు మిగిలే దారి, ప్రమాదకర వ్యాపారం చేసేవాడు తప్పున్నా లేకున్నా నష్టం కట్టాలని 1980ల్లో సుప్రీంకోర్టు ఢిల్లీ ఒలియం గ్యాస్ కేసులో చెప్పిన సూత్రం పట్టుకుని హైకోర్టుకు వెళ్లడం.

కాటా చీటీ ఎలక్ట్రానిక్ మిషన్ ఇచ్చినదైతే ఇవాళే జిరాక్స్ తీయించండి, ఫోటో కూడా తీసి పెట్టుకోండి. ఆ థర్మల్ కాగితం ఎండకు, చేతి చెమటకు కొన్ని నెలల్లోనే తెల్లబడిపోతుంది.